బ్లేడ్ రన్నర్: ఏ వెర్షన్ చూడాలి, ఎలా చూడాలి

‘బ్లేడ్ రన్నర్ చూశాం, అంత గొప్పగా చెప్పుకోడానికి ఏముంది అందులో?’ అని ఎవరైనా అంటే, వాదనకు దిగేముందు ఒక్క మాట అడగాలి. ఏ బ్లేడ్ రన్నర్ చూశారు? రిడ్లీ స్కాట్ తీసిన ఈ సినిమా 1982 జూన్ 25న అమెరికాలో విడుదలైంది. అప్పట్నుంచి 2007 దాకా దీనికి ఏడు రూపాలు లెక్క తేలాయి. పేరు ఒకటే, నటులు వాళ్లే, షాట్లు చాలావరకు అవే. అయినా ఒక వెర్షన్‌లో ఇది రెప్లికెంట్లను, అంటే కృత్రిమంగా తయారుచేసిన మనుషులను, వేటాడే మనిషి కథ. ఇంకో వెర్షన్‌లో ఆ వేటగాడు అసలు మనిషేనా అన్న కథ. తప్పు వెర్షన్‌తో మొదలుపెట్టి, మధ్యాహ్నం వెలుతురున్న హాల్లో, టీవీ ఫ్యాక్టరీ సెట్టింగుల్లో చూస్తే ఈ సినిమా విసుగు పుట్టించడంలో ఆశ్చర్యం లేదు. సరిగ్గా చూస్తే మాత్రం భవిష్యత్తు మీద తీసిన సినిమాల్లో దీని పక్కన నిలబడగలిగేవి బహు తక్కువ.

కథ చిన్నదే. 2019 నవంబర్, లాస్ ఏంజెలిస్. బయట అడుగుపెడితే వాన, తల ఎత్తితే పొగ. స్తోమత ఉన్నవాళ్లు వేరే గ్రహాలకు వలసపోతున్నారు. ఆ గ్రహాల్లో ప్రమాదకరమైన చాకిరీ చేయడానికి టైరెల్ కార్పొరేషన్ రెప్లికెంట్లను తయారుచేస్తోంది. నెక్సస్-6 రకానికి బలం, తెలివి మనిషికి తీసిపోవు. ఆయుష్షు మాత్రం నాలుగేళ్లే. అలాంటి కొందరు తిరగబడి, ఓడ చేజిక్కించుకుని భూమికి వచ్చారు. వాళ్లను పట్టి చంపే పని మానేసిన డెకార్డ్‌ను (హారిసన్ ఫోర్డ్) పోలీసు అధికారి బ్రయంట్ బెదిరించి మళ్లీ పనిలోకి దింపుతాడు.

తెలుగులో ఈ కథ చెప్పబోతే మొదటి వాక్యంలోనే ఒక చిక్కు ఎదురవుతుంది. రెప్లికెంట్లు ‘వచ్చాయి’ అనాలా, ‘వచ్చారు’ అనాలా? బ్రయంట్ అయితే కచ్చితంగా ‘వచ్చాయి’ అనేవాడు. డెకార్డ్ కూడా మొదట్లో అంతే. టైరెల్ ఆఫీసులో పనిచేసే రేచల్‌ను (షాన్ యంగ్) పరీక్షించి, ఆమె రెప్లికెంటేనని తేల్చాక, ఆమె గదిలోంచి వెళ్లిపోగానే, ఆమె గురించి వస్తువును అన్నట్టు ‘అది’ అనే మాట్లాడతాడు. రెండు గంటల్లో ఆ ‘అది’ని ‘ఆమె’గా, ‘అవి’ని ‘వాళ్లు’గా మార్చడమే ఈ సినిమా చేసే పని. ఏ వెర్షన్ ఆ పనిని ఎంత నిజాయితీగా చేసిందన్నదే ఇక్కడ కొలబద్ద.

ముందు వెర్షన్ల సంగతి. 1982 మార్చిలో డెన్వర్, డల్లాస్ నగరాల్లో ఒక వర్క్‌ప్రింట్‌ను, అంటే ఇంకా తుది మెరుగులు దిద్దని ప్రతిని, ప్రేక్షకులకు పరీక్షగా చూపించారు. అది 113 నిమిషాలు. చూసినవాళ్లకు అర్థం కాలేదు, నచ్చలేదు. దాంతో కంగారుపడి రెండు మార్పులు చేశారు. ఒకటి, డెకార్డ్ గొంతుతో కథంతా విడమర్చి చెప్పించే వాయిస్ ఓవర్. రెండు, డెకార్డ్, రేచల్ కారులో పచ్చటి కొండల మధ్య వెళ్లిపోయే సుఖాంతం. ఆ కొండల షాట్లు ఈ సినిమాకు తీసినవి కూడా కావు. స్టాన్లీ కుబ్రిక్ ‘ది షైనింగ్’ కోసం హెలికాప్టర్ నుంచి తీయించి వాడకుండా మిగిల్చిన ఫిల్మ్ అది. అడిగితే ఇచ్చాడు. సినిమా అంతా వానలో, చీకట్లో నానిన కళ్లకు ఒక్కసారిగా ఆ నీలాకాశం కనబడితే, ఇంత అందమైన అడవి పక్కనే ఉండగా జనం ఆ మురికి ఊళ్లో ఎందుకు పడి ఉన్నారన్న ప్రశ్న వస్తుంది. ఆ ఒక్క ప్రశ్నతో అంతవరకు కట్టిన లోకమంతా కూలిపోతుంది.

అమెరికాలో ఆడిన ఈ రూపమే, కంపెనీ యజమాని టైరెల్ చావు లాంటిచోట్ల కొంచెం ఎక్కువ రక్తంతో, బయటిదేశాల్లో ఇంటర్నేషనల్ కట్‌గా ఆడింది. శాన్ డియాగోలో ఒక ప్రివ్యూకు వేసిన రూపం, 1986లో టీవీ కోసం కత్తిరించిన రూపం కూడా లెక్కలో ఉన్నాయి గానీ, పరిశోధన చేసేవాళ్లకు తప్ప వాటితో పని లేదు.

1990లో లాస్ ఏంజెలిస్‌లోని ఒక థియేటర్‌లో పొరపాటున పాత వర్క్‌ప్రింట్ పడింది. వాయిస్ ఓవర్ దాదాపుగా లేదు, సుఖాంతం లేదు. జనం ఊగిపోయారు. ఆ ఊపుతో స్కాట్ నోట్స్ ఆధారంగా 1992లో డైరెక్టర్స్ కట్ తయారైంది. వాయిస్ ఓవర్ తీసేశారు, కొండలు తీసేశారు, డెకార్డ్ పియానో దగ్గర కూర్చున్నప్పుడు ఒంటికొమ్ము గుర్రం పరిగెత్తే చిన్న కల చేర్చారు. పేరుకు డైరెక్టర్స్ కట్ అయినా హడావిడిగా చేసిన పని. ఇంటర్నేషనల్ కట్‌లోని రక్తపాతం ఇందులోకి రాలేదు, తప్పులు తప్పులుగానే మిగిలిపోయాయి. 2007లో నిర్మాత ఛార్లెస్ డి లాజిరికాతో కలిసి స్కాట్ పూర్తి అధికారంతో కూర్చుని చేసింది ఫైనల్ కట్. 117 నిమిషాలు. చూడాల్సింది అదే. మొదటిసారి చూసేవాళ్లకు ఇంకో మాట లేదు.

మీ చేతిలో ఉన్నది ఏ వెర్షనో పెట్టె మీద, యాప్‌లో స్పష్టంగా లేకపోతే సినిమాలోనే పట్టేయొచ్చు. మొదట్లో నిఘంటువులో రెప్లికెంట్ అన్న పదానికి ఇచ్చినట్టు నిర్వచనం కనబడితే అది వర్క్‌ప్రింట్. డెకార్డ్ నూడుల్స్ బండి ఎదుట పేపర్ చదువుతూ మనసులో మాట్లాడుకోవడం వినబడితే 1982 రూపాల్లో ఒకటి, అక్కడే ఆపేయండి. గొంతు వినబడకపోతే 1992దో 2007దో. ఆ రెంటినీ విడదీయడానికి బ్రయంట్ ఆఫీసు దాకా ఆగాలి. ఆరుగురు పారిపోయి వచ్చారని చెబుతాడు. వాళ్లలో ఒకరు కరెంటు కంచెలో కాలిపోయారంటే పాతది, ఇద్దరు కాలిపోయారంటే ఫైనల్ కట్. ఈ ఒక్కరు, ఇద్దరు గొడవ వెనక కారణం ఉంది. స్క్రిప్టులో మేరీ అని ఇంకో రెప్లికెంట్ ఉండేది. నటిని కూడా తీసుకున్నారు, తర్వాత పాత్రనే తీసేశారు. లెక్క మాత్రం సరిచేయలేదు. ఆరులో ఒకటి పోతే ఐదు మిగలాలి. తెర మీద నలుగురే ఉన్నారు: రాయ్ బాటీ, లియాన్, జోరా, ప్రిస్. ఆ ఐదోవాడు డెకార్డేనని పాతికేళ్లపాటు అభిమానులు సిద్ధాంతాలు కట్టారు. ఒక ఎడిటింగ్ పొరపాటు మీద ఎంత మేడ లేచిందో చూడండి.

ఫైనల్ కట్‌లో మిగతా మరమ్మతులు కూడా చెప్పుకోదగ్గవి, ఎందుకంటే ఒక్కటీ గొప్ప కోసం చేసింది కాదు. జోరా అద్దాలు పగలగొట్టుకుంటూ పరిగెత్తే చోట పాత ప్రింట్లలో విగ్గు పెట్టుకున్న స్టంట్ మనిషి ముఖం స్పష్టంగా కనబడేది. పాతికేళ్ల తర్వాత జోరాగా నటించిన జోవానా కాసిడీని మళ్లీ పిలిపించి, ముఖం షూట్ చేసి అతికించారు. పాములమ్మేవాడితో డెకార్డ్ మాట్లాడేటప్పుడు పెదవులకూ మాటకూ పొంతన ఉండేది కాదు. అక్కడ హారిసన్ ఫోర్డ్ కొడుకు బెన్ చేత మాట్లాడించి ఆ నోరు వాడారు. ఎగిరే కారును పైకి లాగే తీగలు చెరిపేశారు. రాయ్ మొదటిసారి కనబడే షాట్‌లో అతని భుజం మీద ఎవరిదో బొటనవేలు ఉండేది. తర్వాత వచ్చే టైరెల్ సీన్‌లోంచి తెచ్చుకున్న షాట్ కాబట్టి ఆ వేలు టైరెల్‌ది. అదీ చెరిపేశారు. చివర్లో పావురం ఎగిరేది ఇంతకుముందు తేటగా ఉన్న పగటి ఆకాశంలోకి. రాత్రి, కుండపోత వాన, మధ్యలో పగలెక్కడిది? ఇప్పుడు అది చీకట్లోకే, వానలోకే ఎగురుతుంది. ఇలాంటివి చూసేవాడికి తెలియకుండానే కాలికింద ముల్లు తీసేసినట్టు ఉంటాయి.

ఫైనల్ కట్ మీద ఒక ఫిర్యాదు మాత్రం న్యాయమైనదే. రంగు. 1982 రూపాలతో పోలిస్తే దీనికి ఆకుపచ్చా నీలమూ కలిసిన ఛాయ ఎక్కువ పూశారు. చర్మం రంగుల్లో వెచ్చదనం తగ్గింది. టైరెల్ ఆఫీసులోని బంగారు వెలుగు బతికిపోయింది గానీ, వీధి సీన్లలో జోర్డన్ క్రోనెన్‌వెత్ కెమెరా పట్టిన ఎరుపులు కొన్ని మాసిపోయాయి. ఇంత శ్రద్ధగా బాగుచేసిన సినిమాకు ఇది అవసరం లేదు.

ఇక బొమ్మ దగ్గరికి వద్దాం. మొదటి షాటే చూడండి. కనుచూపు మేర ఫ్యాక్టరీలు, గొట్టాల్లోంచి ఎగజిమ్మే మంటలు, దూరంగా రెండు పిరమిడ్లు. 1981లో కంప్యూటర్ బొమ్మలు ఇంత చేయగలిగే స్థితిలో లేవు. డగ్లస్ ట్రంబుల్ బృందం ఆ నేలంతా 18 అడుగుల వెడల్పు, 13 అడుగుల లోతు ఉన్న బల్ల మీద కట్టింది. ముందున్నవి పెద్దగా, వెనకవి చిన్నగా, వరసలు వరసలుగా. ఇత్తడి రేకును యాసిడ్‌తో చెక్కి తీసిన ఆకారాలు, వాటి కింద నుంచి ఫైబర్ ఆప్టిక్ దీపాలు. గది నిండా పొగ పట్టించి, ఆ పొగ మందం మారకుండా కాపాడుకుంటూ, కంప్యూటర్ అదుపులో నడిచే కెమెరాతో ఒకే దారిలో మళ్లీ మళ్లీ వెళ్లి ఒకే నెగటివ్ మీద పొరలు పొరలుగా తీశారు. ఒకసారి దీపాలకు, ఒకసారి ఆకారాలకు, ఒకసారి మంటలకు. దూరాన్ని చూపించేది ఆ పొగే. పొగ లేకుంటే అది బల్ల మీద బొమ్మరిల్లు.

ఇంకో కిటుకు ఫిల్మ్‌లో ఉంది. నటులున్న సీన్లు 35 ఎంఎం మీద తీశారు, ఎఫెక్టులు 65 ఎంఎం మీద. పొరలు కలిపేటప్పుడు ఫిల్మ్ నుంచి ఫిల్మ్‌కు కాపీ చేయాలి. చేసిన ప్రతిసారీ ఫిల్మ్ గింజ (బొమ్మ మీద కనబడే సన్నటి చుక్కలు) ముదురుతుంది, పదును తగ్గుతుంది. పెద్ద నెగటివ్‌తో మొదలుపెడితే ఆ నష్టమంతా పోయాక కూడా పక్క షాట్‌తో సమానంగా నిలబడుతుంది. ఫైనల్ కట్ కోసం ఆ 65 ఎంఎం నెగటివ్‌లను 8కె లో స్కాన్ చేశారు. అందుకే నలభై ఏళ్లు దాటిన ఎఫెక్టులు 4కె డిస్క్‌లో తలదించుకోవు. ఇంకా విచిత్రం, మంచి తెర మీద ఇప్పుడే పూర్తిగా కనబడుతున్నాయి.

వాన, రాత్రి, పొగ ఎందుకన్నదానికి కళతోపాటు అవసరం కూడా ఉంది. వీధి సీన్లు తీసింది బర్బాంక్‌లోని వార్నర్ స్టూడియోలో పాత న్యూయార్క్ వీధి సెట్ మీద. ఎన్నో సినిమాల్లో వాడేసిన సెట్. పగటి వెలుతురులో దాని అంచులు దొరికిపోతాయి. చీకటి వేసి, వాన కురిపించి, పొగ నింపి, వెనక నుంచి వెలుగు కొడితే సెట్ ఎక్కడ ఆగిపోయిందో కన్ను పట్టుకోలేదు. దాని మీద సిడ్ మీడ్ గీతలు, లారెన్స్ పాల్ కళా దర్శకత్వం. కొత్త లోకాన్ని పునాది నుంచి కట్టలేదు వాళ్లు. పాత భవనాలకే బయట నుంచి గొట్టాలు, వైర్లు, గాలి యంత్రాలు తగిలించారు. పాడైతే పడేయకుండా అతుకులు వేసుకుంటూ బతికే ఊరది. నిజం ఊళ్లు అలాగే పెరుగుతాయి. అందుకే నమ్ముతాం.

రెండు చోట్ల ఆగి చూడాలి. ఒకటి వాయిట్-కాంఫ్ పరీక్ష, ఎదుట ఉన్నది మనిషో రెప్లికెంటో తేల్చేది. బల్ల మీద చిన్న యంత్రం, దాని చేతికి ఒక లెన్స్, కంటికి గురి. పక్కన కొలిమితిత్తి లాంటిది పైకీ కిందకీ ఊపిరి తీస్తుంటుంది. అడిగే ప్రశ్నలు జాలికి సంబంధించినవి. ఎడారిలో వెల్లకిలా పడిన తాబేలును ఎందుకు తిప్పి పెట్టవు, నీ కొడుకు తను పోగుచేసిన సీతాకోకచిలుకలనూ వాటిని చంపే సీసానూ చూపిస్తే ఏమంటావు, ఇలాంటివి. జవాబుతో పని లేదు. చెక్కిలి ఎర్రబడటం, కనుపాప కదలిక, వీటినే కొలుస్తారు. మామూలుగా ఇరవై ముప్పై ప్రశ్నలకు తేలిపోతుంది. రేచల్‌కు వంద దాటాయి. ఇక్కడ గమనించాల్సింది, ఆ గదిలో ఊపిరి పీలుస్తున్నట్టు కదిలేది యంత్రం. అడిగే మనిషి ముఖంలో ఏ కదలికా ఉండదు. చెమటలు పట్టి వణికేది రెప్లికెంట్ అయిన లియాన్.

రేచల్, టైరెల్ ఆఫీసులోని కృత్రిమ గుడ్లగూబ, ప్రిస్, వీళ్ల కళ్లలో అక్కడక్కడ ఒక ఎర్రటి మెరుపు కనబడుతుంది. లెన్స్ ముందు సగం పాదరసం పూసినట్టుండే అద్దాన్ని 45 డిగ్రీల వాలులో పెట్టి, చాలా తక్కువ వెలుతురును కెమెరా చూసే గీత మీదే కంట్లోకి పంపించారు. అది రెటీనా మీద పడి తిరిగొస్తుంది. రాత్రిపూట కారు దీపాలకు పిల్లి కళ్లు మెరిసినట్టే. కథలోని పాత్రలకు ఆ మెరుపు కనబడదు, మనకే. వంటింట్లో రేచల్ మాట్లాడుతుండగా వెనక మసగ్గా నిలబడ్డ డెకార్డ్ కళ్లు కూడా ఒక్క క్షణం అలా మెరుస్తాయి. ఆ షాట్‌ను ఫోన్లో చూస్తే దొరకదు.

రెండోది ఫోటో సీన్. లియాన్ గదిలో దొరికిన ఫోటోను డెకార్డ్ ఎస్పర్ అనే యంత్రంలో పెట్టి, అంకెలు పలుకుతూ లోపలికి వెళతాడు. గళ్లు పడతాయి, టక్ టక్‌మంటూ జరుగుతుంది, ఆగుతుంది. కుడికి, వెనక్కి, ఇంకా లోపలికి. గది చివర గోడకు గుండ్రటి అద్దం. ఆ అద్దంలో పక్కగది. ఆ గదిలో నిద్రపోతున్న ఆడమనిషి. చేతిలో విస్కీ గ్లాసు, ముఖంలో అలసట, బయట వాన. ఒక్క డైలాగు లేదు, అంకెలు తప్ప. మామూలు ఫోటోలో మూల తిరిగి చూడటం అసాధ్యం, కాబట్టి ఆ కాలపు ఫోటోల్లో లోతు కూడా దాచి ఉంటుందని ఒప్పుకోవాల్సిందే. కొత్తగా చూసేవాళ్లు చాలామంది ఇక్కడ ఫోన్ తీస్తారు. తీయకండి. డిటెక్టివ్ పని ఎంత ఒంటరి పనో ఇంతకన్నా బాగా చూపిన సీన్ దొరకదు.

సంగీతం వాంగెలిస్. యమహా సీఎస్-80 సింథసైజర్ మీద, లండన్‌లోని తన స్టూడియోలో, తెర మీద సీన్ చూస్తూ వాయించాడు. పొడుగ్గా సాగే ప్రతిధ్వనుల్లో సంగీతం ఎక్కడ ఆగి నగరం హోరు ఎక్కడ మొదలైందో విడదీయలేం. అతని అసలు రికార్డింగ్‌తో ఆల్బమ్ రావడానికి 1994 దాకా పట్టింది.

ఇప్పుడు టీవీ. ఈ సినిమాను ఇంట్లో పాడుచేసేది ముఖ్యంగా నాలుగు సెట్టింగులు. మొదటిది మోషన్ స్మూతింగ్. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో పిక్చర్ క్లారిటీ అన్న పేర్లతో ఉంటుంది. సెకనుకు 24 ఫ్రేముల మధ్య లేని ఫ్రేములను టీవీ సొంతంగా పుట్టిస్తుంది. వాన చినుకులు, పొగలో తిరిగే లైటు కిరణాలు దానికి అంతుపట్టవు. అంచులు చిరిగిపోతాయి, సినిమా కాస్తా సీరియల్‌లా కనబడుతుంది. పూర్తిగా ఆపేయాలి. రెండోది నాయిస్ రిడక్షన్. టీవీకి ఫిల్మ్ గింజా తెలియదు, పొగా తెలియదు, అన్నీ మరకలే. తుడిచేస్తే ముఖాలు మైనం పూసినట్టు అవుతాయి. దీన్ని ఆపి, షార్ప్‌నెస్‌ను అడుగుకు దించండి. మూడోది కరెంటు ఆదా కోసం గది వెలుతురును బట్టి తెరను మసకబార్చే సెన్సర్. చీకటి గదిలో చీకటి సినిమా వేస్తే అది ఇంకా చీకటి చేస్తుంది, నల్లకోటు నల్లగోడలో కలిసిపోతుంది. నాలుగోది జూమ్. ఈ సినిమా వెడల్పు, ఎత్తుకు 2.39 రెట్లు ఉంటుంది, పైనా కిందా నల్లపట్టీలు సహజం. పట్టీలు నచ్చక జూమ్ చేసి తెర నింపితే వెడల్పులో పావు వంతు పోతుంది. ఫ్రేము అంచుల్లో బోలెడంత దాచిన సినిమాకు అది పెద్ద నష్టం. మీ టీవీలో ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే మొదటి రెండూ ఒక్క నొక్కుతో తీరిపోతాయి. లేదంటే సినిమా మోడ్ పెట్టి మిగతావి చేత్తో ఆపుకోండి.

స్ట్రీమింగా, డిస్కా? నెట్ ఎంత బాగున్నా స్ట్రీమింగ్‌లో డేటా పిండి పంపుతారు. మామూలు సినిమాకు తెలియదు. ఇక్కడ పొగలో వెలుగు చీకటిగా మారే చోట మెట్లు మెట్లుగా గీతలు పడతాయి, చీకటి మూలల్లో గళ్లు తేలతాయి. 2017లో వచ్చిన 4కె డిస్క్‌లో ఆ బాధ లేదు, మంటలకూ నియాన్‌కూ హెచ్‌డీఆర్ (వెలుగు చీకట్ల తేడాను ఎక్కువగా చూపే పద్ధతి) ఇచ్చే మెరుపు వేరు. చవక ఎల్‌ఈడీ టీవీల్లో మాత్రం ఒక తంటా ఉంది: చీకటి ఫ్రేము మీద తెల్లటి సబ్‌టైటిళ్ల చుట్టూ వెలుగు చిమ్ముతుంది. ప్లేయర్‌లో సబ్‌టైటిళ్ల రంగు బూడిదకు మార్చే వీలుంటే మార్చండి. 4కె లేకపోయినా మామూలు బ్లూరే ఫైనల్ కట్ చాలా బాగుంటుంది. పాత వెర్షన్లు, మూడున్నర గంటల మేకింగ్ డాక్యుమెంటరీ కావాలంటే డిస్కుల పెట్టె వెనక ఉన్న వివరం చదివి కొనండి, పెట్టెను బట్టి మారతాయి. 1997లో వచ్చిన డైరెక్టర్స్ కట్ డీవీడీ ఎక్కడైనా చవగ్గా దొరికితే దాచుకోడానికే, చూడ్డానికి కాదు.

శబ్దం విషయంలో, మాటలు తగ్గుస్వరంలో ఉంటాయి, వాన ఎప్పుడూ మోగుతుంది. సౌండ్‌బార్‌లో మధ్య ఛానల్‌ను రెండు మూడు డెసిబెల్స్ పెంచితే సరిపోతుంది. నైట్ మోడ్ మాత్రం వద్దు. నిశ్శబ్దాన్నీ మోతనూ ఒకే మట్టానికి తెస్తుంది, వాంగెలిస్ పని అంతా బూడిదలో పోసినట్టే. డెకార్డ్ వెంట తిరిగే పోలీసు గాఫ్ మాట్లాడే కలగూరగంప భాష అర్థం కాకపోతే మీ తప్పు కాదు. ఎడ్వర్డ్ జేమ్స్ ఓల్మోస్ హంగేరియన్, జపనీస్, జర్మన్ వగైరాలు కలిపి దాన్ని తయారుచేసుకున్నాడు. దానికి సబ్‌టైటిల్ వెతక్కండి.

లోపాలు లేవనడం అబద్ధం. పోలీసుల దగ్గర పారిపోయినవాళ్ల ఫోటోలు ఉన్నాయి, బ్రయంట్ తెర మీద వేసి చూపిస్తాడు కూడా. అలాంటప్పుడు మొదటి సీన్‌లో లియాన్‌ను కూర్చోబెట్టి పరీక్ష చేయడం ఎందుకు? దీనికి జవాబు లేదు. వీధి నిండా ఆసియా ముఖాలు, జపాన్ అక్షరాలు, కానీ మాట్లాడే పాత్ర అని చెప్పుకోదగింది కళ్లు తయారుచేసే చ్యూ (జేమ్స్ హాంగ్) ఒక్కడే. మిగతావాళ్లంతా అలంకారం. అన్నిటికన్నా కష్టమైనది డెకార్డ్ తన ఫ్లాట్‌లో రేచల్‌ను తలుపు దగ్గర అడ్డుకుని, గోడకు నెట్టి, తను చెప్పిన మాటలే ఆమె చేత పలికించే సీన్. దాన్ని ప్రేమ సీన్‌గా తీశారు, వెనక శాక్సొఫోన్ కూడా మోగుతుంది. అది ప్రేమ కాదు, బలవంతం. ఆమె మనిషి కాదని తెలిసినవాడు ఆమెతో వస్తువుతో ఉన్నట్టు ఉన్నాడని కొందరు సమర్థిస్తారు. సంగీతం మాత్రం ఆ సమర్థనకు ఒప్పుకోదు. నడక నిదానం అన్నది లోపంగా లెక్కించను. పోలీసు ఛేజింగ్‌లు ఆశించి కూర్చునేవాళ్లకు ముందే చెప్పాల్సిన మాట అది.

ఇంతవరకు చూడనివాళ్లు ఇక్కడ ఆగి, సినిమా చూసి రండి.

గాఫ్ మూడు బొమ్మలు మడుస్తాడు. బ్రయంట్ ఆఫీసులో కాగితంతో కోడి, డెకార్డ్ పిరికితనం మీద విసురు. లియాన్ గదిలో పుల్లతో మనిషి. చివర్లో రేచల్‌ను తీసుకుని వెళ్లిపోతుంటే ఫ్లాట్ గుమ్మంలో, వెండి రేకుతో మడిచిన ఒంటికొమ్ము గుర్రం. ఈ మూడోది 1982 వెర్షన్‌లోనూ ఉంది. అక్కడ దాని అర్థం తేలిక: గాఫ్ ఇక్కడికి వచ్చాడు, చంపగలిగీ రేచల్‌ను వదిలేశాడు. దాని మీద వాయిస్ ఓవర్ కూడా అదే చెబుతుంది. ఫైనల్ కట్‌లో అదే రేకు, అదే షాట్. కానీ మధ్యలో కల చేరింది. 1992లో అది ఒకే తునకగా ఉండేది. 2007లో పూర్తి రూపంలో, కళ్లు తెరిచే ఉన్న డెకార్డ్ ముఖంతో కలిపి వేశారు. రేచల్ జ్ఞాపకాలు టైరెల్ మేనకోడలివని, డెకార్డ్‌కు ఆమె లోపలి సంగతులు చదివి తెలుసునని అంతకుముందే చూశాం. ఇప్పుడు డెకార్డ్ లోపలి కల గాఫ్‌కు తెలుసు. వేలెడంత రేకు, బొమ్మ మారలేదు, దాని ముందు కొన్ని సెకన్ల కల చేరింది, కథ తిరగబడింది. వెర్షన్ల గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఇదే.

డెకార్డ్ రెప్లికెంటేనని స్కాట్ చాలాసార్లు చెప్పాడు. హారిసన్ ఫోర్డ్ షూటింగ్ నాడు ఒప్పుకోలేదు, మనిషి కాకపోతే ప్రేక్షకులు ఎవరి వెంట నడవాలన్నాడు. నా ఓటు ఫోర్డ్‌కు దగ్గరగా ఉంటుంది, పూర్తిగా కాదు. ఆ రేకును చూసి డెకార్డ్ తల ఊపుతాడు. తనకు ఏం అర్థమైందో చెప్పడు. అక్కడికి ఆగిపోవడంలోనే ఆ సీన్ బలం. ఎందుకంటే అంతకు కొద్ది నిమిషాల ముందు జరిగింది ఇంకా ముఖ్యమైనది. రాయ్ బాటీ (రట్గర్ హౌవర్) ఆయుష్షు అయిపోతోంది, వేళ్లు బిగుసుకుపోతున్నాయి. చేయి పనిచేయడం కోసం అరచేతిలోకి మేకు దించుకుంటాడు. తన వాళ్లను చంపినవాడు మేడ అంచు పట్టుకుని జారిపోతుంటే ఆ మేకు దిగిన చేత్తోనే పైకి లాగుతాడు. ఆ తర్వాతి చివరి మాటలు స్క్రిప్టులో పొడుగ్గా ఉండేవి. హౌవర్ చాలావరకు కోసేసి, వానలో కన్నీళ్లన్న ముక్క తనే చేర్చాడు. చూసినవన్నీ తనతో పోతాయన్న బాధ తప్ప అందులో పగ లేదు. 1982 వెర్షన్‌లో ఈ చావు జరగగానే డెకార్డ్ గొంతు వచ్చి, అతను నన్నెందుకు కాపాడాడో అని వివరించడం మొదలుపెడుతుంది. ఫైనల్ కట్‌లో డెకార్డ్ కళ్లార్పి వానను తుడుచుకుంటాడు, అంతే. ఆ నిశ్శబ్దంలో మనకు తెలియకుండానే ‘చచ్చిపోయింది’ అన్న క్రియ ‘చనిపోయాడు’గా మారిపోతుంది.

2017లో డెనీ విల్‌నవ్ తీసిన ‘బ్లేడ్ రన్నర్ 2049’ మంచి సినిమా, డెకార్డ్ ప్రశ్నను తెలివిగా తేల్చకుండా వదిలేసింది. రెంటినీ ఒకే రాత్రి వేయకండి. అది 163 నిమిషాలు, దీని నీడ మనసులో కొన్నాళ్లు ఉన్నాక చూడాల్సింది.

లాస్ ఏంజెలిస్‌లో ఉండే తెలుగువాళ్లు, పిల్లల దగ్గరకు వెళ్లే పెద్దవాళ్లు ఒక పూట డౌన్‌టౌన్‌కు కేటాయించుకోవచ్చు. సౌత్ బ్రాడ్‌వే, థర్డ్ స్ట్రీట్ మూలన బ్రాడ్‌బరీ బిల్డింగ్ ఉంది, 1893లో కట్టింది. బొమ్మలు చేసే సెబాస్టియన్ ఉండేది, రాయ్ వేట సాగేది అందులోనే. సినిమాలో చెత్తా నీళ్లూ నిండిన పాడుకొంప, నిజంగా చూస్తే గాజు పైకప్పు కింద ఎండ కాచే అందమైన భవనం. ఇనుప జాలీ లిఫ్టులు, పాలరాయి మెట్లు. లోపల ఆఫీసులు ఉన్నాయి కాబట్టి సందర్శకులు కింది భాగం వరకే తిరగాలి. పోలీస్ స్టేషన్‌గా వాడిన యూనియన్ స్టేషన్ కూడా అక్కణ్నుంచి ఎంతో దూరం కాదు.

చూసేముందు ఇంకొక్క పని చేయండి. స్ట్రీమింగ్ యాప్‌లో ఆటోప్లే ఆపేయండి. ఫైనల్ కట్‌లో లిఫ్టు తలుపు ధన్‌మని మూసుకోగానే తెర నల్లబడి పేర్లు మొదలవుతాయి, వాంగెలిస్ ఎండ్ టైటిల్స్ వెంటనే అందుకుంటుంది. యాప్‌ను దాని దారిన వదిలేస్తే సరిగ్గా ఆ క్షణానికి తెరను అగ్గిపెట్టె అంత చేసి, మూలన వేరే సినిమా ట్రైలర్ పెడుతుంది. ఆ సంగీతం పూర్తయ్యేదాకా లైటు వేయకండి.